భయానికి టికెట్టు... అరుపు మాత్రం ఉచితం!

మా సినిమా రాతగాళ్ళకి కొన్ని ఊతపదాలుంటాయి. రెండు హిట్లు, మూడు ఫ్లాపులు, మళ్ళీ ఒక హిట్టు వచ్చిన హీరోగారి గురించి రాయాల్సి వచ్చిందనుకోండి... చెయ్యి దానంతటదే రాసేస్తుంది, "ఈయన సినీజీవితం ఒక రోలర్ కోస్టర్" అని! పాఠకులూ తల ఊపి పేజీ తిప్పేస్తారు. పైకి లేచాడు, కింద పడ్డాడు, మళ్ళీ లేచాడు అని అర్థం. అంతే కదా?

అంతే కాదు మరి! హీరోగారి కెరీర్ కింద పడేటప్పుడు ఆయన ఒడిలో అడ్డంగా ఇనుపకడ్డీ ఉండదు. ఎంత ఎత్తునుంచి పడాలో, ఎంత వేగంతో పడాలో ఏ ఇంజనీరూ ముందుగా లెక్క వేసి ఉంచడు. పడినాయన్ని భద్రంగా ఎక్కిన చోటికే తెచ్చి దించే నాథుడూ ఉండడు. రోలర్ కోస్టర్‌లో ఇవన్నీ ఉంటాయి. జీవితంలో భయం కొలత లేకుండా వస్తుంది. ఇక్కడ మాత్రం కొలిచి ఇస్తారు. అందుకే అక్కడ ఏడుపొస్తుంది, ఇక్కడ నవ్వొస్తుంది!

నన్నడిగితే రోలర్ కోస్టర్ రహస్యమంతా ఇదే. వేగం కాదు, ఎత్తు కాదు. కొలిచిన భయం... దాన్ని పదిమందితో కలిసి పంచుకుని, గొంతు చించుకుని అరిచే అవకాశం. ఏ రకం కోస్టరైనా ఈ భయాన్ని తనదైన కొలతలో, తనదైన రుచితో వడ్డిస్తుంది. ఆ రుచుల సంగతే ఈ వారం ముచ్చట.

మా ఊరి రాట్నం

నాది కార్వేటినగరం. పుత్తూరు పక్కన, కొండల నడుమ... జమీందార్ల కాలంలో పేరు మోసిన సంస్థానం. సారంగపాణి పదాలు పుట్టిన ఊరు. వేణుగోపాలస్వామి గుడి, స్కంధ పుష్కరిణి... చూడటానికి వచ్చేవాళ్ళు వాటికోసమే వస్తారు. రోలర్ కోస్టర్ మాట దేవుడెరుగు, మా చిన్నప్పుడు ఊళ్ళో చెప్పుకోదగ్గ జారుడుబల్ల కూడా లేదు. తిరునాళ్ళకు వచ్చే చేతిరాట్నమే మాకు డిస్నీల్యాండ్!

నాలుగు తొట్లు, ఒక ఇరుసు, తిప్పడానికి ఒక మనిషి. కరెంటు లేదు, మోటారు లేదు. ఆ తిప్పే ఆయన దగ్గర ఒక విద్య ఉండేది. చక్రం వంక చూసేవాడు కాదు, పిల్లకాయల మొహాల వంక చూసేవాడు. నవ్వుతుంటే జోరు పెంచేవాడు. ఎవడి మూతన్నా ఏడుపు వైపు తిరిగిందా, చెయ్యి అడ్డం పెట్టి నెమ్మది చేసేవాడు. "జడుసుకుంటివా నాయినా? ఇంగ రెండు తిప్పులే... గట్టిగా పట్టుకో!" అనేవాడు. భయాన్ని కొలిచి ఇవ్వడమంటే ఏమిటో నేను మొదట చూసింది అక్కడే. ఈనాడు కోట్ల రూపాయల కోస్టర్లలో కంప్యూటర్లు చేసే పనిని ఆయన రెండు కళ్ళతో చేసేవాడు.

మా చిత్తూరు జిల్లా వాళ్ళకి ఇంకో కోస్టర్ కూడా ఉంది. టికెట్టు ఆర్టీసీ వాళ్ళు కొడతారు. తిరుమల ఘాట్ రోడ్డు! 1944లో వేసిన మొదటి రోడ్డు మీదుగా ఇప్పుడు దిగుతాం, 1974లో వచ్చిన రెండో రోడ్డు మీదుగా ఎక్కుతాం. దిగేటప్పుడు చూడాలి మజా. ఒక మలుపులో అందరం కుడికి, మరో మలుపులో అందరం ఎడమకి. ముందు సీటు అవ్వ ముక్కు దగ్గర నిమ్మకాయ. కిటికీ పక్కనున్నవాడి మొహంలో నెత్తుటి చుక్క ఉండదు. బండి బాగా వంగిన ప్రతిసారీ ఎవరో ఒకరు "గోవిందా" అంటారు... బస్సంతా "గోవింద" అని అందుకుంటుంది. ఆ కేకలో సగం భక్తి, సగం భయం! కానీ ఒకటి గమనించారా? అరిచాక గుండె తేలికవుతుంది. భయమేస్తే అరవాలి, అదీ నలుగురితో కలిసి అరవాలి అని మా జిల్లాలో పసిపిల్లకి కూడా తెలుసు. ప్రపంచానికి ఆ సంగతి తెలియడానికి మాత్రం కాస్త ఆలస్యమైంది.

మంచుకొండ నుంచి మొదలు

అసలీ ఆట పుట్టింది రష్యాలో. చలికాలంలో కొయ్యతో కొండలు కట్టి, వాటిమీద నీళ్ళు పోసి గడ్డకట్టించి, ఆ మంచు మీద జారేవాళ్ళు. చలి లేని ఫ్రాన్సు వాళ్ళు దీన్ని చూసి ముచ్చటపడి, మంచు బదులు బండ్లకి చక్రాలు పెట్టి 1817లో పారిస్‌లో మొదలెట్టారు. వాటికి "రష్యా కొండలు" అని పేరు పెట్టారు. ఇప్పటికీ ఫ్రెంచి భాషలో రోలర్ కోస్టర్ని రష్యా కొండలనే అంటారు. మరి రష్యావాళ్ళు ఏమంటారో తెలుసా? అమెరికా కొండలు! వియ్యాలవారి వంటలాగా గొప్పతనం అటువాళ్ళు ఇటు, ఇటువాళ్ళు అటు తోసేసుకున్నారన్నమాట.

అమెరికాలో న్యూయార్క్‌లోని కోనీ ఐలండ్‌లో 1884లో లామార్కస్ థామ్సన్ అనే ఆయన ఒక బండి నడిపాడు. టికెట్టు 5 సెంట్లు. వేగం ఎంతనుకుంటున్నారు? గంటకు సుమారు 10 కిలోమీటర్లు! మా ఊళ్ళో పాలవాడి సైకిలు ఇంతకంటే జోరుగా పోతుంది. అయినా జనం విరగబడ్డారు. ఎందుకంటే ఆ రోజుల్లో అలా కూర్చుని అలా జారడం ఎవరూ ఎరుగరు. కొత్తదనమే సగం భయం. సినిమాకైనా అంతే కదా!

ఇక్కడ ఒక చిన్న రహస్యం. మామూలు రోలర్ కోస్టర్ బండికి ఇంజను ఉండదు. గొలుసు పట్టి మొదటి గుట్ట మీదికి లాగి వదిలేస్తారు. ఆ తరువాత కథంతా నడిపేది భూమ్యాకర్షణే. దారిలో రాపిడికి, గాలికి కొంత శక్తి ఖర్చవుతుంది గనుక మొదటి గుట్టే అన్నిటికంటే ఎత్తు. తరువాతవన్నీ అంతకంటే తక్కువే. మొదటి సీను బలంగా లేకపోతే సినిమా చివరిదాకా లాగలేమని దర్శకులు అంటుంటారు చూడండి, అలాగన్నమాట.

ఏ బండిలో ఏ మజా?

మొదట కొయ్య కోస్టర్. వీటిలో పెద్దన్న కోనీ ఐలండ్ "సైక్లోన్". 1927లో కట్టారు, ఇంకా నడుస్తోంది. ఎత్తు 26 మీటర్లు, వేగం గంటకు 96 కిలోమీటర్ల దాకా. మన దేశంలో ఆ రకాన్ని చూడాలంటే కొల్‌కతా వెళ్ళాలి. నిక్కో పార్కులో 2003లో మొదలైంది, దాని పేరూ సైక్లోనే. కొయ్య కోస్టర్ మామూలుగా తలకిందులు చెయ్యదు. మరేం చేస్తుంది? కుదుపుతుంది! కట్టిన చట్రమంతా కొద్దికొద్దిగా ఊగుతుంది. అలా ఊగేలాగే కడతారు, బిర్రబిగుసుకుని ఉంటే విరుగుతుంది గనుక. కానీ కూర్చున్నవాడికి ఆ సంగతి గుర్తుంటుందా? "ఇది ఇప్పుడు విరిగిందిరా నాయినా" అనిపిస్తుంది. కొయ్య కోస్టర్ అమ్మే భయం అదే, ముసలి బస్సు భయం!

అది ఇచ్చే సుఖం ఇంకొకటుంది. గుట్ట ఎక్కి దిగే క్షణంలో బండి కిందికి పోతుంది, మన ఒళ్ళు మాత్రం ఇంకా పైకే పోతుంటుంది. పిరుదులు సీటు వదిలేస్తాయి. కడుపులో ఏదో జారుతుంది. ఆ ఒక్క క్షణం మనకి బరువుండదు. రోలర్ కోస్టర్ పిచ్చివాళ్ళు ప్రాణం పెట్టేది ఈ క్షణానికే. బండి పట్టా వదిలి ఎగిరిపోదా అంటారా? పోదు. జాన్ మిల్లర్ అనే ఆయన 1919లో పేటెంటు తీసుకున్న ఉపాయం ఒకటుంది. పట్టా పైన, పక్కన నడిచే చక్రాలతోబాటు పట్టా కిందా ఇంకో చక్రం! బండి ఎగరబోతే ఆ కింది చక్రం పట్టుకుంటుంది. ఎగిరినట్టుండాలి, ఎగరకూడదు. అదీ కిటుకు.

తరువాత ఉక్కు కోస్టర్. 1959లో డిస్నీల్యాండ్ వాళ్ళు మాటర్‌హార్న్ కొండ బొమ్మ కట్టి, దాని చుట్టూ ఉక్కు గొట్టాల పట్టా పరిచారు. ఇక అక్కణ్ణుంచి ఇనుము ఎటు వంచితే అటు బండి! 1975లో కాలిఫోర్నియాలో కార్క్‌స్క్రూ అని మెలికలు తిప్పేది వచ్చింది. మరుసటేడు అక్కడే మ్యాజిక్ మౌంటెన్‌లో "రివల్యూషన్" వచ్చింది... నిలువుగా గుండ్రంగా తిప్పి తలకిందులు చేసే ఆధునిక ఉక్కు కోస్టర్లకి అదే ఆది.

తలకిందులు చేసే ఆలోచన అంతకుముందు లేదా అంటే, ఉంది. 1895లోనే కోనీ ఐలండ్‌లో ఫ్లిప్ ఫ్లాప్ అని ఒకటి నడిచింది. కానీ దాని చుట్టు అచ్చం రూపాయి బిళ్ళలా గుండ్రం. బండి చుట్టులోకి దూరగానే మెడ మీద ఒక్కసారిగా మోయలేని బరువు పడేది. ఎక్కినవాళ్ళు మెడలు పట్టుకుని దిగేవాళ్ళు. పాపం, వాళ్ళకి మా పుత్తూరు కట్టు గురించి ఎవరైనా చెప్పి ఉంటే ఓడెక్కి వచ్చేవాళ్ళు! ఇప్పటి చుట్లు చూడండి, గుండ్రంగా ఉండవు. కన్నీటి బొట్టును తిరగేస్తే... కాదు, బొట్టు నిటారుగా నిలబడితే ఎలా ఉంటుందో అలా ఉంటాయి. వేగం ఎక్కువగా ఉండే కింద వెడల్పు వంపు, వేగం తగ్గే పైన ఇరుకు వంపు. మెడ క్షేమం, మజా క్షేమం! అదే తలకిందులు, కొలత మారింది, అంతే. కొలత తప్పితే ఆసుపత్రి, కొలత కుదిరితే చప్పట్లు.

మన హైదరాబాదుకి వద్దాం. రావిర్యాల దగ్గర వండర్‌లా పార్కు 2016లో తెరిచారు. అక్కడి "రీకాయిల్" బూమరాంగ్ రకం. స్నేహితులతో వెళ్ళి ఎక్కాను. ఇది స్టేషన్లోంచి ముందుకు పోదు. వెనక్కి, పైకి లాక్కుపోతుంది. మనం కిందనున్న స్టేషన్‌ని చూస్తూ చూస్తూ వెనక్కి ఎక్కుతాం. వదలగానే ముందుకు దూకి, మూడుసార్లు తలకిందులై, ఎదుటి గుట్ట ఎక్కుతుంది. అయిపోయింది అనుకుంటామా... అదే దారిన వెనక్కి! మళ్ళీ మూడుసార్లు. పోయేటప్పుడు కనపడేది గనుక భయం. వచ్చేటప్పుడు కనపడదు గనుక భయం! ఒకే పట్టా మీద రెండు రకాల భయాలు. ఒక సినిమా టికెట్టు మీద రెండు సినిమాలు చూసినట్టే.

ఇంకో రకంలో బండి పట్టా మీద నడవదు, పట్టా కింద వేలాడుతుంది. కాళ్ళకింద నేల ఉండదు, చెప్పులు విప్పేసి కూర్చోవాలి. 1992లో అమెరికాలో వచ్చిన "బ్యాట్‌మ్యాన్" కోస్టర్ వీటికి మొదటిది. మన పొరుగున మదరాసులో, అదే లెండి చెన్నైలో, తిరుప్పోరూర్ దగ్గర 2025 డిసెంబర్‌లో తెరిచిన వండర్‌లాలో "తంజోరా" ఈ జాతిదే. ఇది అమ్మే భయం వేరు. స్తంభాల పక్కనుంచి పోతుంటే "కాలు తగిలిందిరా" అనిపిస్తుంది. తగలదు. చేతులు చాచినా కాళ్ళు చాచినా అందనంత ఎడం లెక్కవేసి ఉంచుతారు. అయినా సరే, కాళ్ళు ముడుచుకోని మనిషిని నేను చూడలేదు.

ఇక వేగం రాయుళ్ళు. అబూదాబీ ఫెరారీ వరల్డ్‌లో 2010లో వచ్చిన "ఫార్ములా రోసా" గుట్ట ఎక్కే పనే పెట్టుకోదు. ఒక్క తోపు తోస్తే 5 సెకన్లలోపు గంటకు 240 కిలోమీటర్లు. కళ్ళలో ఇసుక పడకుండా అద్దాలిస్తారు. గల్ఫులో పనిచేసే మా ఊరి కుర్రాడొకడు ఎక్కి వచ్చి, "ఎట్టుండిందిరా?" అంటే, "ఏమో అన్నా, జడుసుకునే లోపల అయిపొయ్యింది" అన్నాడు. చూశారా! జడుసుకోవడానికి కూడా టైమివ్వాలి మరి.

దీనికి ఎదురు ఉదాహరణ ఒకటి. డిస్నీ వాళ్ళు 1975లో ఫ్లోరిడాలో తెరిచిన "స్పేస్ మౌంటెన్" వేగం సుమారు 45 కిలోమీటర్లే. పుత్తూరు రోడ్డు మీద మా ఆర్టీసీ బస్సు ఇంతకంటే జోరుగా పోతుంది! కానీ అది చీకట్లో పోతుంది. మలుపు ఎటో తెలియదు, లోయ ఎక్కడో తెలియదు. అందుకని ఆ 45 కిలోమీటర్లే నూటయాభై అనిపిస్తాయి. వేగం మీటరులో ఉండదు మిత్రులారా, మన బుర్రలో ఉంటుంది.

వెండితెర మీద రోలర్ కోస్టర్

చీకట్లో కూర్చుని జడుసుకోవడం అనగానే మీకేం గుర్తొచ్చింది? అవును, సినిమా హాలు! ఈ రెండూ కవలపిల్లలు. 1952లో అమెరికాలో "దిస్ ఈజ్ సినేరమా" విడుదలైంది. మూడు ప్రొజెక్టర్లతో వేసే వంపు తిరిగిన పెద్ద తెర. ఆ కొత్త తెర గొప్పతనం చూపడానికి దేన్ని ఎంచుకున్నారో తెలుసా? రోలర్ కోస్టర్ ముందు సీట్లో కెమెరా పెట్టి తీసిన ప్రయాణాన్ని! హాల్లో కుర్చీలు కదలలేదు. జనమే కదిలారు, కుర్చీ చేతులు పట్టుకుని కేకలేశారు. 1977లో "రోలర్ కోస్టర్" అనే పేరుతోనే ఒక సినిమా వచ్చింది. ఇందాక చెప్పుకున్న రివల్యూషన్ కోస్టర్ అందులో కనిపిస్తుంది. దానికి సెన్సరౌండ్ అని హాలు అదిరే శబ్దం పెట్టారు.

మన సంగతి ఇంకా బాగుంటుంది. 1984లో మన దేశపు మొదటి త్రీడీ సినిమా "మై డియర్ కుట్టిచాతన్" మలయాళంలో వచ్చింది. తెలుగులో "చిన్నారి చేతన". నల్లద్దాలు పెట్టుకుని, తెరలోంచి వచ్చే వస్తువులకి తల వంచిన పిల్లల తరం ఒకటుంది మనకి. మీ అమ్మానాన్నల్ని అడగండి, చెబుతారు. ఆ సినిమా తీసిన నవోదయ అప్పచ్చన్‌గారే 1995లో మదరాసు తాంబరం దగ్గర "కిష్కింట" అనే వినోదాల పార్కు పెట్టారు. తెరమీద జనాన్ని ఉలిక్కిపడేలా చేసినాయన, తెర లేకుండా కూడా ఆ పని చేద్దామనుకున్నారన్నమాట. రెండు చోట్లా సరుకు ఒకటే. చీకటో ఎత్తో ఏదో ఒకటి... పక్కన మనుషులు... కలిసి వేసే కేక.

అక్క అరిచిన రోజు

కానీ సినిమా హాల్లో ఆ కేక అందరికీ దక్కుతుందా? మా చిన్నప్పుడు పుత్తూరు హాల్లో హీరో కనపడగానే మగపిల్లలం ఈలలేశాం, కాగితాలు ఎగరేశాం, బెంచీలెక్కాం. అదే వరసలో కూర్చున్న మా పెద్దమ్మ కూతురు మాత్రం, నాకు అక్క, చున్నీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది. అంతకంటే శబ్దం వస్తే పెద్దమ్మ తొడ మీద ఒకటి గిల్లేది. "ఏమ్మే, గమ్మునుండు!" మా వైపు ఆడపిల్ల ఎక్కువగా వినే మాట ఇదేనేమో. గమ్మునుండు. అక్క గమ్మునే ఉండింది. ఇంటర్ తరువాత చదువు మానిపించినప్పుడూ గమ్మునే ఉండింది. పెళ్ళిచూపుల్లో నీ అభిప్రాయమేమిటని ఎవరూ అడగనప్పుడూ గమ్మునే ఉండింది. ఇప్పుడు నలభై దాటింది. టైలరింగు చేసి కూతుర్ని చెన్నైలో ఇంజనీరింగు చదివిస్తోంది.

ఈ మధ్య ఆ కూతురే పట్టుబట్టి మా ఇద్దర్నీ పైన చెప్పిన చెన్నై పార్కుకి లాక్కెళ్ళింది. తంజోరా కింద నిలబడి అక్క పైకి చూసింది. వేలాడే కాళ్ళను చూసింది.

"నేను బ్యాగులు చూసుకుంటా ఉంటా. మీరు పోయి రాండి" అంది.

"బ్యాగులకి లాకర్లుండాయి. నువ్వు గమ్మున రా మా!" అంది కూతురు.

"అది కాదు అబ్బయ్యా" అంది అక్క నా వైపు తిరిగి, గొంతు తగ్గించి. "ఆడ జడుపుకి అరిస్తే నలుగురూ నవ్వరా?"

అప్పుడర్థమైంది నాకు. ఆమె జడుసుకుంటోంది ఎత్తుకి కాదు!

"అరవని వాళ్ళని చూసి నవ్వుతారక్కా ఈడ" అన్నాను.

ముగ్గురం పక్కపక్కనే కూర్చున్నాం. భుజాల మీదికి కడ్డీలు దిగాయి. కుర్రాడొకడు వచ్చి అందరివీ ఒక్కొక్కటే లాగి చూసి వెళ్ళాడు. బండి ఎక్కుతున్నంతసేపూ అక్క కళ్ళు మూసుకుని గోవింద నామాలు చదువుతోంది. మొదటి దూకు దూకింది... అక్క అరిచింది. అరుపంటే మామూలు అరుపు కాదు. నలభై ఏళ్ళు దాచిపెట్టిన అరుపు! బండి ఆగేదాకా ఆపలేదు. నేనూ అరిచాను గానీ నా కేక నాకే వినపడలేదు.

దిగాక జుట్టు చెదిరి, బొట్టు పక్కకి పోయి, గొంతు బొంగురుపోయి నిలబడింది. ఎవరూ నవ్వలేదు. ఎవరి కేక వాళ్ళది. ముందు సీట్లోని లావుపాటి పెద్దమనిషి ఇంకా చెమటలు తుడుచుకుంటున్నాడు. అక్క మా ఇద్దరి వంకా చూసి అడిగింది, "ఇంకో తూరి పోదామా?"

రోలర్ కోస్టర్ ఎక్కితే జీవితాలు మారిపోతాయని నేను రాయను. అలా రాస్తే ముందు నవ్వేది మా అక్కే. మరుసటి రోజు పొద్దున యథాప్రకారం కుట్టుమిషను ముందు కూర్చుంది. మూడురోజులు గొంతు రాలేదట. ఇరుగుపొరుగు అడిగితే "మంచు పడలా" అని చెప్పిందట! కానీ ఫోనులో ఆ మాట చెబుతూ ఆమె నవ్వింది చూశారూ... కొంగు అడ్డం లేని నవ్వది.

ఆ టకటక శబ్దం

ఒక్క మాట గంభీరంగా చెప్పుకోవాలి. ఈ సరదా అంతా ఒక నమ్మకం మీద నిలబడి ఉంది. గొలుసు లాగే మామూలు కోస్టర్లలో గుట్ట ఎక్కేటప్పుడు కింద టకటకమని శబ్దం వస్తుంది గుర్తుందా? గుండెలు దడదడలాడించేది ఆ శబ్దమే. అదేమిటో తెలుసా? గొలుసు తెగినా బండి వెనక్కి జారకుండా, పంటి మీద పన్ను పడుతూ పట్టుకునే కొక్కెం చప్పుడు! మనల్ని భయపెట్టే శబ్దమే మనల్ని కాపాడే శబ్దం.

అది పనిచెయ్యకపోతే ఏమవుతుందో లండన్ వాళ్ళకి తెలుసు. 1972 మే 30న బాటర్సీ పార్కులో "బిగ్ డిప్పర్" అనే కొయ్య కోస్టర్ గుట్ట ఎక్కుతుండగా లాగే తాడు నుంచి బండి విడిపోయింది. ఆపాల్సిన బ్రేకు ఆపలేదు. వెనక్కి జారిన బండిలో 5 మంది పిల్లలు చనిపోయారు. కోస్టర్ని మూసేశారు, రెండేళ్ళకి ఆ వినోదాల పార్కే మూతపడింది. నమ్మకం పోయిన చోట భయానికి సరదా అనే పేరు నిలవదు.

అందుకే తిరునాళ్ళలోనో ఎగ్జిబిషన్‌లోనో కొలంబస్ ఓడ, డ్రాగన్ రైలు ఎక్కేముందు ఒక్క నిమిషం నిలబడి చూడండి. అడ్డకడ్డీ బిగుస్తోందా? తిప్పేవాడు జనం మొహాలు చూస్తున్నాడా, సెల్‌ఫోను చూస్తున్నాడా? మా ఊరి రాట్నం ఆయన్ని తలుచుకోండి. మొహాలు చూడనివాడి చక్రం ఎక్కకండి. ఎక్కకపోతే పిరికివాడంటారేమో అనుకోకండి, తెలివైనవాడంటారు.

చివరగా కొన్ని కిటుకులు

ఎక్కబోయే కుర్రకారుకి నా అనుభవంలోంచి నాలుగు మాటలు. ముందు సీటు కావాలా, వెనక సీటా? ముందు సీట్లో లోయ కనపడుతుంది, కళ్ళకి పండగ. వెనక సీటుని మాత్రం ముందు పెట్టెలు గుట్ట మీదినుంచి ఈడ్చుకుపోతాయి గనుక సీటు వదిలి లేచే సుఖం అక్కడ ఎక్కువ. కళ్ళ పండగా, కడుపు పండగా మీరే తేల్చుకోండి. కొత్తవాళ్ళు తలకిందులు కాని దాంతో మొదలుపెట్టండి. బిర్యానీ తిన్న వెంటనే ఎక్కకండి, పక్కవాడి చొక్కా మీద జాలి చూపండి! గుండెజబ్బు ఉన్నవాళ్ళు, కడుపుతో ఉన్నవాళ్ళు కింద నిలబడి చెయ్యి ఊపితే చాలు. పిల్లలకి గీత పెట్టి ఎత్తు కొలుస్తారు. అది అవమానం కాదు, ఆ కడ్డీ ఎంత ఒంటికి సరిపోతుందో చెప్పే లెక్క. సెల్‌ఫోను మాత్రం జేబులో కూడా వద్దు.

అన్నిటికంటే ముఖ్యం, మీ ఇంట్లో ఎప్పుడూ బ్యాగులు చూసుకుంటూ కింద నిలబడే మనిషి ఒకరుంటారు. అమ్మో, అక్కో, వదినో. ఈసారి బ్యాగులు లాకర్లో పెట్టి ఆమెని పైకి తీసుకెళ్ళండి. పక్కన కూర్చోండి. బండి పైకి చేరి, ఒక్క క్షణం ఆగినట్టయి, ముక్కు కిందికి వంచుతుంది చూడండి... అప్పుడు మీరు అరవకండి. కాసేపు గమ్మునుండి, ఆమె కేక వినండి!